గ్రూప్ థెరపీ, సపోర్ట్ గ్రూప్: గోదావరి జిల్లాల్లో ఎలా వెతుక్కోవాలి, చేరాక ఏం జరుగుతుంది

తాగుడు మానేసిన మనిషి మూడు నెలలు తిరక్కుండానే మళ్లీ మొదలుపెట్టాడు. పిల్లాడికి ఆటిజం అని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాం సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. రొయ్యల చెరువు దెబ్బతిని అప్పు మిగిలింది, ఇంటాయనకి రాత్రిళ్లు నిద్ర లేదు. కాన్పయి నెలలు గడిచినా అమ్మాయి ఊరికే ఏడుస్తోంది. డాక్టరు, మాత్రలు అయ్యాక ఇలాంటి ఇళ్లవాళ్లతో ఎవరో ఒకరు ‘ఏదైనా గ్రూప్‌కి వెళ్లి చూడండి’ అంటారు. ఆ గ్రూప్ అంటే ఏమిటి, అమలాపురంలోనో భీమవరంలోనో ఉండేవాళ్లకి అదెక్కడ దొరుకుతుంది, వెళ్తే ఊళ్లో తెలిసిపోతుందా? వీటికి జవాబు చెప్పేవాళ్లే ఉండరు.

‘గ్రూప్ థెరపీ’ అని బోర్డు కట్టిన చోట్ల కోసం తిరిగితే మన దగ్గర పెద్దగా దొరకవు. సరైన మనిషిని సరైన మాట అడిగితే మాత్రం దారి దొరుకుతుంది. అందుకే ఎవరిని ఏమని అడగాలో ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను.

మొదటి పని: మీకు ఏది కావాలో తేల్చుకోండి

గ్రూప్ థెరపీ అనేది వైద్యం. సైకియాట్రిస్టో, క్లినికల్ సైకాలజిస్టో, శిక్షణ ఉన్న సోషల్ వర్కరో నడుపుతారు. చేర్చుకునే ముందు మీతో విడిగా మాట్లాడి, మీ ఇబ్బందికి ఆ గ్రూప్ సరిపోతుందో లేదో చూస్తారు. మామూలుగా 6 నుంచి 10 మంది ఉంటారు. వారానికోసారి, గంట నుంచి గంటన్నర. కొన్ని గ్రూపులు 8 నుంచి 12 వారాల్లో ముగిసిపోతాయి, మధ్యలో కొత్తవాళ్లని చేర్చుకోరు. కొన్ని ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి. టెన్షన్ ముంచుకొచ్చినప్పుడు ఏం చేయాలి, మళ్లీ మళ్లీ తిరిగొచ్చే ఆలోచనని ఎలా పట్టుకోవాలి లాంటివి నేర్పి, ఇంటి దగ్గర చేసి చూడమంటారు. మరుసటి వారం వచ్చేసరికి చేశారా అని అడుగుతారు కూడా.

సపోర్ట్ గ్రూప్‌లో డాక్టరు ఉండకపోవచ్చు. ఒకే కష్టం పడుతున్నవాళ్లు, పడి బయటికొచ్చినవాళ్లు కలిసి కూర్చుంటారు. నడిపేది వాళ్లలో ఒకరే. అక్కడ రోగనిర్ధారణలుండవు, మాత్రలు రాయరు. రాత్రి రెండింటికి పిల్లాడు అరుస్తుంటే పక్కింటివాళ్లకి ఏం సమాధానం చెప్పాలో, తాగి వచ్చిన భర్తతో ఆ రాత్రే వాదన పెట్టుకుంటే ఏమవుతుందో చెప్పేది వాళ్లే. అది ఏ డాక్టరూ చెప్పలేని చదువు.

జబ్బు ఉన్న మనుషుల్ని కూడగట్టి కూర్చోబెట్టే పద్ధతి కొత్తదేం కాదు. 1905లో బోస్టన్‌లో జోసెఫ్ ప్రాట్ అనే డాక్టరు బీద క్షయరోగుల్ని వారానికోసారి పిలిచి జాగ్రత్తలు చెప్పేవాడు. జాగ్రత్తల సంగతి అలా ఉంచితే, వాళ్లు ఒకళ్లకొకళ్లు ధైర్యం చెప్పుకోవడం ఎక్కువ పనిచేస్తోందని గమనించాడు. గ్రూప్ థెరపీ మీద జీవితమంతా పనిచేసిన అమెరికన్ సైకియాట్రిస్టు ఇర్విన్ యాలొమ్, గ్రూపులో మనిషికి మేలు చేసే అంశాలు పదకొండు చెప్పాడు. ‘ఇది నాకొక్కడికే కాదు’ అని తెలియడం వాటిలో ఒకటి. నా లెక్కలో అదే అన్నిటికంటే పెద్దది.

డిప్రెషన్, భయాలు, పాత దెబ్బల జ్ఞాపకాలు ఉంటే గ్రూప్ థెరపీ అడగండి. తాగుడు, ఇంట్లో జబ్బు మనిషిని చూసుకునే బరువు, పోయిన మనిషి దుఃఖం, ప్రత్యేక అవసరాలున్న పిల్లల పెంపకం లాంటివాటికి సపోర్ట్ గ్రూప్ బాగా పనిచేస్తుంది. రెండూ కలిపి వాడుకోవచ్చు. గ్రూప్‌లో చేరాం కదా అని మాత్రలు ఆపకూడదు, అది డాక్టరు చెప్పాలి.

గ్రూప్ కంటే ముందు ఆసుపత్రికి వెళ్లాల్సినవాళ్లు

ఈ భాగం దాటేయకండి. చనిపోవాలన్న ఆలోచన ఇప్పుడు బలంగా ఉన్నవాళ్లు, లేని గొంతులు వినబడుతున్నవాళ్లు, నాలుగైదు రోజులుగా నిద్రే లేకుండా ఆగని ఉత్సాహంలో తిరుగుతున్నవాళ్లు ముందు సైకియాట్రిస్టుని కలవాలి. గ్రూప్ తర్వాత.

రోజూ బాగా తాగే మనిషి సంగతి మరీ ముఖ్యం. ఎవరో ఒట్టు పెట్టించారనో, మాల వేసుకుంటున్నారనో ఉన్నట్టుండి పూర్తిగా ఆపేస్తే చేతులు వణకడం, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా మతిభ్రమ, లేనివి కనబడటం రావచ్చు. ప్రాణం పోయిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి ఆపడం డాక్టరు చేతిలో జరగాలి, ఆపాక నిలబెట్టుకోవడానికి గ్రూప్.

ఇంకొకటి. తెలియకుండా కూరలోనో కాఫీలోనో కలిపి పెడితే తాగుడు మానేస్తారంటూ పొడులు, మాత్రలు అమ్మేవాళ్లు ఉంటారు. వాటిలో డైసల్ఫిరామ్ (తాగితే ఒంటికి పడకుండా చేసే మందు) ఉంటే, ఆ సంగతి తెలియని మనిషి పైన తాగితే గుండె మీదకి వస్తుంది. డైసల్ఫిరామ్ నిజమైన మందే, కానీ తాగే మనిషికి చెప్పి, ఒప్పించి, డాక్టరు పర్యవేక్షణలో ఇవ్వాల్సింది. దొంగచాటుగా ఎప్పుడూ పెట్టకండి.

ఎవరిని అడగాలి, ఏమని అడగాలి

ఇంట్లోంచి కదలకుండా మొదలుపెట్టాలంటే 14416కి ఫోన్ చేయండి. ఇది టెలీ మానస్, 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత లైను. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. మీ కష్టం చెప్పాక ‘మా జిల్లాలో ఎక్కడికి వెళ్లాలి’ అని తప్పకుండా అడగండి. ఊరట మాటలు విని ఫోన్ పెట్టేయొద్దు, చేతిలో ఒక ఆసుపత్రి పేరు, ఓపీ రోజు పడేదాకా అడగండి. తాగుడు, గంజాయి లాంటివాటికి విడిగా 14446 ఉంది. వయసు పైబడినవాళ్లకి, వాళ్లని చూసుకునేవాళ్లకి 14567. హెచ్ఐవీ విషయాలకి 1097.

నేరుగా వెళ్లగలిగితే సర్కారు పెద్దాసుపత్రి మంచిది. కాకినాడ జీజీహెచ్ రంగరాయ వైద్య కళాశాల బోధనాసుపత్రి. రాజమండ్రి, ఏలూరు పెద్దాసుపత్రులకి 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాలలు తోడయ్యాయి. కోనసీమ వాళ్లకి అమలాపురంలో ప్రైవేటు వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. ఓపీ చీటీ రాయించుకునేటప్పుడు ‘మానసిక విభాగం’ అని చెప్పండి. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద పనిచేసే వాళ్లు ఎవరు, ఏ రోజు ఉంటారు అని కూడా అక్కడే అడగండి. దూరం వెళ్లలేనివాళ్లు ఊళ్లో ఏఎన్ఎంనో ఆశా కార్యకర్తనో అడగవచ్చు, కానీ ఆవిడ మీ వీధి మనిషే అయితే ‘మా బంధువులకి కావాలి’ అని అడిగినా తప్పులేదు.

ఇప్పుడు అసలు కిటుకు. ‘గ్రూప్ థెరపీ ఉందా’ అని అడిగితే ఓపీ కౌంటర్లో లేదనే సమాధానం రావచ్చు. లోపల జరుగుతున్నదానికి ఆ పేరు ఉండకపోవచ్చు మరి. వార్డులో దాన్ని ఫ్యామిలీ మీటింగ్ అనో, కౌన్సెలింగ్ అనో పిలుస్తుంటారు. కాబట్టి ఇలా అడగండి: ‘నమస్కారమండి. మా ఆయనకి తాగుడు మానడానికి ఇక్కడ చూపిస్తున్నాం. పేషెంట్లందర్నీ కలిపి కూర్చోబెట్టి మాట్లాడించే రోజు ఏదైనా ఉందాండి? ఇంట్లో ఆడవాళ్లకి విడిగా ఉందా? ఇక్కడ లేకపోతే, చుట్టుపక్కల ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్) మీటింగు ఎక్కడ జరుగుతుందో చెప్పగలరా?’ ఇది డాక్టరుని కాకుండా మెడికల్ సోషల్ వర్కర్నీ, సైకాలజిస్టునీ, నర్సునీ అడగండి. ఎవరు ఎక్కడికి వెళ్తున్నారో వాళ్లకే ఎక్కువ తెలుస్తుంది.

ఏఏ అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్. 1935లో అమెరికాలోని ఏక్రన్ ఊళ్లో, తాగుడుకి లోబడిన ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జన్ కలిసి మొదలుపెట్టారు. మన దేశంలో 1957 నుంచి ఉంది. ఫీజు లేదు, పేరు నమోదు లేదు, మానాలన్న కోరిక ఉంటే చాలు. బయటివాళ్ల దగ్గర చందాలు కూడా తీసుకోరు, చివర్లో ఒక డబ్బా తిరుగుతుంది, వేసినా వేయకపోయినా అడగరు. వాళ్ల మీటింగుల్లో రెండు రకాలున్నాయి: తాగుడు సమస్య ఉన్నవాళ్లకే పరిమితమైనవి, ఇంట్లోవాళ్లు కూడా రాగలిగినవి. మీరు వెళ్లేది ఏ రకమో ముందే కనుక్కోండి. భార్యలకి, తల్లులకి, పిల్లలకి అల్-అనాన్ అని వేరే గ్రూపులున్నాయి. ఆయన మానినా మానకపోయినా మీరు వెళ్లొచ్చు. ఆయన కోసం ఎదురుచూస్తూ మీ ఆరోగ్యం పాడుచేసుకోవద్దు.

ఎదుగుదల సమస్యలున్న పిల్లల తల్లిదండ్రులు ముందు మండల కేంద్రంలోని భవిత కేంద్రానికి వెళ్లండి. సమగ్ర శిక్ష కింద నడుస్తుంది. ఫిజియోథెరపీ ఉన్న రోజున వరండాలో పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని, క్యారేజీ పక్కన పెట్టుకుని కూర్చున్న తల్లుల్ని చూడండి. సదరం (వైకల్య) సర్టిఫికెట్టుకి ఏ కాగితాలు పట్టుకెళ్లాలో, ఏ డాక్టరు ఓపిగ్గా వింటాడో, అత్తగారి మాటల్ని ఎలా తట్టుకోవాలో అక్కడ ఒక్క పూటలో తెలుస్తుంది. దానికి పేరు లేదు గానీ అది సపోర్ట్ గ్రూపే. ఫోన్ నంబర్లు తీసుకుని రండి.

హెచ్ఐవీతో జీవిస్తున్నవాళ్లు ఏఆర్‌టీ సెంటర్ (హెచ్ఐవీ మందులిచ్చే చోటు) కౌన్సెలర్ని అడిగితే సాటివాళ్ల నెట్‌వర్క్‌ల దారి చెబుతారు. క్యాన్సర్‌కి విశాఖో హైదరాబాదో వెళ్తున్నవాళ్లు అక్కడి ఆసుపత్రి సోషల్ వర్కర్ని అడగండి.

ఊళ్లో తెలిసిపోతే?

మన ప్రాంతంలో అందర్నీ ఆపేది ఇదే. కూతురి సంబంధాలు, కొడుకు ఉద్యోగం, చుట్టాల నోళ్లు. ఈ భయం ఉత్తిదని నేను అనను. దాన్ని పెట్టుకునే పని జరుపుకోవాలి.

నడిపేది డాక్టరో సైకాలజిస్టో అయితే మీ వివరాలు బయటపెట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలకే మినహాయింపు. పక్క కుర్చీలో కూర్చున్నవాళ్ల మీద ఆ చట్టం పనిచేయదు. వాళ్లని ఆపేది వాళ్లిచ్చిన మాటే. అందుకని మొదటి రెండు మూడు వారాలు ఊరి పేరు, ఇంటిపేరు, చేసే పని చెప్పక్కర్లేదు. కష్టం చెప్పండి, చిరునామా వద్దు. పిల్లల మీద లైంగిక వేధింపుల సంగతి బయటికొస్తే మాత్రం, 2012 పోక్సో చట్టం ప్రకారం ఆ సంగతి తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పి తీరాలి. ఇది ముందే తెలుసుకుని వెళ్లండి.

సొంత ఊళ్లో వద్దనుకుంటే వేరే టౌను చూసుకోండి. రాజోలు వాళ్లు రాజమండ్రి, నరసాపురం వాళ్లు ఏలూరు వెళ్లొచ్చు. కానీ తెలిసినవాళ్లు తగలకూడదని మరీ దూరం పెట్టుకుంటే నెల తిరిగేసరికి మానేస్తారు. చీకటి పడేలోపు ఇంటికి చేర్చే బస్సు ఉన్నంత దూరమే సరైన దూరం. బస్సులో ఎవరైనా ‘ఎక్కడికమ్మా’ అంటే ‘ఆసుపత్రి పనుందండి’ అంటే సరిపోతుంది. అబద్ధమూ కాదు.

ఫోన్‌లో జరిగే మీటింగులూ ఉన్నాయి. డాబా మీదకెళ్లి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చోవచ్చు, కెమెరా ఆపుకోవచ్చు, పేరు మార్చుకోవచ్చు. గల్ఫ్‌లో ఉన్న ఆడవాళ్లకి, వాళ్ల పిల్లల్ని ఇక్కడ పెంచుతున్న అమ్మమ్మలకి ఇదే వీలైన దారి. వాట్సాప్ గ్రూపుల విషయంలో మాత్రం జాగ్రత్త. మీ నంబరు అందరికీ కనబడుతుంది, మీరు రాసినదాన్ని ఎవరైనా స్క్రీన్‌షాట్ తీయొచ్చు. దాన్ని మీటింగు టైము తెలుసుకోవడానికి వాడుకోండి, మనసు విప్పడానికి వద్దు.

చేరే ముందు పరీక్షించండి

నడిపేది ఎవరు, వాళ్ల చదువేమిటి అని అడగడం మీ హక్కు. క్లినికల్ సైకాలజిస్టులకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, అడిగితే చెప్పాలి. మనిషిని చేర్చుకుని ఉంచే డీఎడిక్షన్ సెంటర్ (తాగుడు, మత్తు మాన్పించే చోటు) అయితే రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదై ఉండాలి. ఆ కాగితం చూపించమనండి. నెలకెంత, మధ్యలో మానేస్తే డబ్బు తిరిగిస్తారా, ఇంట్లోవాళ్లు ఎప్పుడు కలవొచ్చు, ఇవి డబ్బు కట్టకముందే తేలాలి. చూడ్డానికి రానివ్వం, ఫోన్ మాట్లాడనివ్వం, గదిలో పెట్టి తాళం వేస్తాం అన్నారంటే అక్కడ వదిలి రాకండి.

మాత్రలు ఆపేయమనే గ్రూప్ నుంచి లేచి వచ్చేయండి. ప్రార్థన, భజన, సత్సంగం చాలామందికి బలమిస్తాయి, వాటికి వెళ్లండి, మాత్రలు కూడా వేసుకోండి. వస్తువులు కొనిపించి మీచేత ఇంకో ముగ్గుర్ని చేర్పించమనే చోటు, మీ ఏడుపుని వీడియో తీసే చోటు, నడిపేవాడు తానొక్కడే మాట్లాడే చోటు కూడా అంతే.

మొదటి రోజు ఇలా ఉంటుంది

ఏ ఆసుపత్రి గదిలోనో, చర్చి పక్క హాల్లోనో గుండ్రంగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలు. పది నిమిషాలు ముందే వెళ్లి నడిపేవాళ్లతో ‘కొత్తండి, ఈ రోజు ఊరికే వింటాను’ అని చెప్పండి. మొదట నియమాలు చదువుతారు. తర్వాత ఒక్కొక్కరూ మాట్లాడతారు. మీ వంతు వచ్చినప్పుడు పేరు చెప్పి, ఇప్పటికింతే అనొచ్చు. డ్వాక్రా సంఘంలో కూర్చున్న ఆడవాళ్లకి ఈ వరుస, ఈ రోజు తప్పకపోవడం అలవాటే. ఇక్కడ పొదుపు పుస్తకం ఉండదంతే.

కొత్తవాళ్లని కంగారుపెట్టేది మధ్యలో వచ్చే మౌనం. ఎవరో చెప్పలేక ఆగిపోతారు, ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినబడదు. మన అలవాటు కొద్దీ ‘ఊరుకోమ్మా, అంతా సర్దుకుంటుంది’ అనాలనిపిస్తుంది. అనకండి. ఆ మనిషి ఏడవనీ, మళ్లీ మొదలుపెట్టనీ. ఏఏ మీటింగుల్లో అయితే ఒకరు చెప్పినదానికి మరొకరు జవాబివ్వరు, సలహా ఇవ్వరు. అది నిర్లక్ష్యం అనుకునేరు. అక్కడ వినడమే పని.

ఇంటికొచ్చాక తల బరువుగా, మనసు అలజడిగా ఉండొచ్చు. ఆ రాత్రే ‘ఇది నాకు పనికిరాదు’ అని తేల్చేయకండి. కనీసం నాలుగు సార్లు వెళ్లండి. నాలుగో సారికి కూడా అక్కడ భయమేస్తుంటే, అవమానంగా ఉంటే, లేదా అందరూ మాట్లాడే కష్టం మీది కాకపోతే నడిపేవాళ్లతో చెప్పి వేరేది చూసుకోండి. ఒక డాక్టరు పడకపోతే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లమూ, అలాగే.

ఏదీ దొరక్కపోతే మీరే మొదలుపెట్టండి

మూడు కుటుంబాలు చాలు. మతిమరుపు జబ్బున్న పెద్దవాళ్లని చూసుకుంటున్న కోడళ్లు, కూతుళ్లు ఒక ఊళ్లో ముగ్గురు దొరకరా? పిల్లలంతా హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండగా ఇక్కడ ఒంటరిగా మోస్తున్నవాళ్లు ఎంతమందో.

ఎవరింట్లోనూ పెట్టకండి. ఆ ఇంటికి వెళ్లారంటే ఇదే సంగతని వీధంతా తెలిసిపోతుంది. సెలవు రోజున బడి గదో, శాఖా గ్రంథాలయం గదో, కమ్యూనిటీ హాలో అడగండి. నాట్లప్పుడు, కోతలప్పుడు, చెరువు పట్టుబడి రోజుల్లో ఎవరూ రాలేరు కాబట్టి వ్యవసాయం వాళ్లుంటే వాళ్లనడిగే రోజు పెట్టండి. నెలకోసారి, ఒకే వారం, ఒకే టైము, గంటన్నర దాటకుండా. ఇద్దరు నడపండి, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరుంటారు. ఒక అట్ట మీద నియమాలు రాసి ప్రతిసారీ చదవండి: ఇక్కడి మాట ఇక్కడే, ఎవరికీ మాత్రల సలహా చెప్పం, అప్పులు ఇచ్చిపుచ్చుకోం, కులం, పార్టీ మాటలు లేవు, మాట్లాడటం ఇష్టం లేకపోతే వద్దు. అప్పుల సంగతి మరీ గట్టిగా పట్టుకోండి. డబ్బు దూరిన గ్రూప్ చీలిపోతుంది. మూడు నెలలకోసారి పెద్దాసుపత్రి సైకియాట్రిస్టునో సైకాలజిస్టునో గంటసేపు రమ్మని అడగండి, ముందుగా చెబితే వచ్చేవాళ్లు ఉంటారు.

మొదలుపెట్టే ముందే ఒకటి రాసిపెట్టుకోండి: ఎవరైనా చనిపోవాలనుందని అంటే ఏం చేయాలి. మీటింగు అయ్యేదాకా ఆగకుండా నడిపేవాళ్లిద్దరిలో ఒకరు ఆ మనిషిని పక్కకి తీసుకెళ్లాలి. ‘చచ్చిపోవాలని ఆలోచన వస్తోందా, ఎలా చేద్దామనుకుంటున్నారు’ అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అక్కడి నుంచే 14416కి ఫోన్ కలపండి, అప్పటికే ఏదైనా మింగి ఉంటే 108కి. ఒంటరిగా ఇంటికి పంపకండి. ఇంట్లోవాళ్లలో ఆ మనిషి నమ్మేవాళ్లెవరో అడిగి వాళ్లని పిలిపించండి. పొలం ఉన్న ఇల్లయితే పురుగుమందు డబ్బాలు ఎక్కడున్నాయో కనుక్కుని, ఆ సాయంత్రమే తీయించి వేరేవాళ్ల తాళంలో పెట్టించండి. మర్నాడు పొద్దున్నే ఒకసారి, వారంలోపు ఇంకోసారి మీరే ఫోన్ చేయండి.